కళాయి మామ బావిలో నురగ

నరసరావుపేటలో మా పెరటి గోడకు అవతల ఒక పాడుబడిన బావి ఉంది. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే మందు కలిసి ఆ నీళ్లు చెడిపోయాయని ఊళ్లో ఇప్పటికీ చెబుతారు. అది నిజం కాదు.

యుద్ధం రోజుల్లో ఆ బావి ఉన్న ఇంట్లో కళాయి పూసే సాయిబు ఉండేవాడు. ఆయన్ని నేను మామా అని పిలిచేవాణ్ని. మా వంటింటి నీళ్లు, స్నానాల నీళ్లు పెరట్లో నాన్న తవ్వించిన ఇంకుడు గుంటలోకి పోయేవి. అందులో అడుగున మట్టి, దాని మీద కంకర, బొగ్గు, అన్నిటికీ పైన ఇసుక. జిడ్డు పట్టిన ఇసుకను ఏటా వానలకు ముందు తీయించి నాన్న కొత్తది పోయించేవాడు. "మురికి పైనే ఆగాల. నీళ్లు నిదానంగా దిగాల. తొందరపెట్టకూడదురా," అనేవాడు.

నాన్న పోయాక నేను ఇసుక మార్చడం మానేశాను. గుంట నిండి మురుగు పెరడంతా పొర్లింది. విసుగుపుట్టి లోపలున్నదంతా ఎత్తించి పారేసి, అడుగున తగిలిన నాపరాయిని గడ్డపారతో పొడిపించాను. రాతిలో పగులు తెరుచుకుంది. ఆ సాయంత్రం వదిలిన నీళ్లన్నీ గటగటా దిగిపోయాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

గోడ మీంచి మామ తొంగిచూసి నవ్వాడు. "ఏంది అబ్బాయ్, మీ గుంటకి దాహం చానా ఎక్కువైందే!"

"రాతికి నోరు తెరిపించా మామా!"

కొన్నాళ్లకు వాళ్ల బావి నీళ్లు కంపు కొట్టాయి. మామ చిన్నకూతురికి విరేచనాలు పట్టుకుని తగ్గలేదు. వీధివాళ్లు బావి చుట్టూ మూగారు.

"ఏందయ్యా, నీ కళాయి మందంతా బాయిలో పోస్తున్నావా?"

"ఎందుకు పోస్తానయ్యా? నా పిల్ల తాగే నీళ్లు గదా!"

"మరి కంపెక్కణ్ణుంచొచ్చింది, ఆకాశం నుంచా?"

మామ చేద తోడి నా ముందు పెట్టాడు. "నువ్వన్నా చెప్పు అబ్బాయ్."

నీళ్ల మీద తెల్లటి నురగ. కుంకుడుకాయ వాసన. ఆ పొద్దున మా ఇంట్లో అందరం తలంట్లు పోసుకున్నాం. మా గుంట నీళ్లు రాతి పగుళ్ల వెంట ఎక్కడికి పోతున్నాయో అప్పుడు అర్థమైంది.

"నాకేం తెలుసు మామా," అన్నాను.

ఆ వారంలోనే వాళ్లు సామాను బండికెత్తుకుని కృష్ణా నది అవతలికి, చుట్టాల ఊరికి వెళ్లిపోయారు. పిల్ల తల్లి ఒళ్లో కళ్లు మూసుకుని ఉంది. బతికిందో లేదో నేను కనుక్కోలేదు. కనుక్కునే ధైర్యం లేకపోయింది.

తర్వాత పగులు పూడ్పించి మట్టి, కంకర, బొగ్గు, ఇసుక మళ్లీ వేయించాను. ఏటా ఇసుక మారుస్తున్నాను. నీళ్లు ఇప్పుడు చప్పుడు చేయకుండా ఇంకుతాయి. ఆ బావిని చెడగొట్టింది మామ కళాయి కాదు, మా ఇంటి మురుగు. ఇది వీధిలోనూ చెప్పాను. పాత మాటలెందుకులే అన్నారు.

తలంట్ల రోజున మాత్రం నాకు గోడ వైపు పోబుద్ధి కాదు. అవతల మామ చేద పట్టుకుని, నా జవాబు కోసం ఇంకా నిలబడి ఉన్నట్టే ఉంటుంది.