ఆవిష్కరణ సభలో పంజరం

భవానీపురంలో మా ఇంటి వసారాయే నా ప్రచురణ సంస్థ. ఒక కంప్యూటరు, ఒక బల్ల, గోడ పొడవునా అమ్ముడుపోని పుస్తకాల కట్టలు. ఏటా కోతలు కాగానే వసారా ముందు కొక్కేనికి ఒక వరికుచ్చు వేలాడదీస్తాను. పిచ్చుకలొస్తాయి. వాటికన్నా చిన్నవి, జీనువాయిలు, గుంపులుగా వస్తాయి. గోధుమరంగు వీపు, పొట్ట మీద చేప పొలుసుల్లాంటి మచ్చలు. గింజ ఒలుచుకుని పొట్టు నా ప్రూఫుల మీద రాలుస్తాయి. ఒక్కోసారి రెట్ట కూడా వేస్తాయి. తుడుచుకుని పని చేసుకుంటాను. నేను దిద్దే కవిత్వంలో చాలా భాగం కన్నా ఆ రెట్టే నయం.

ఈ కడుపుమంట ఊరికే రాలేదు. నిరుడు మైలవరం నుంచి ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు తన కవితలు పట్టుకొచ్చారు. పుస్తకమంతా పక్షులే. పేజీ తిప్పితే పంజరం, అందులో చిలక, దాని కన్నీరు. పైగా నలుగురి చేత ముందుమాటలు. నాకు నచ్చలేదు. అయినా వేస్తానన్నాను. నచ్చినవే వేసుకుంటూ కూర్చుంటే ఈ వసారాకు కరెంటు ఉండదు. ప్రూఫులు చూసుకోవడానికి వచ్చినరోజు ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని కుచ్చు వంక చాలాసేపు చూశారు.

“ఎంత ముచ్చటగా ఉన్నాయమ్మా. మన సభకి ఇలాంటివి తెప్పిస్తే? రిబ్బను విప్పడం అందరూ చేసేదే. ముఖ్య అతిథి గారి చేత పంజరం తలుపు తీయిద్దాం. హాలంతా రెక్కల చప్పుడు వినపడాలి.”

“వద్దండీ మాస్టారూ. మీరు కొంటే, వాళ్లు మళ్లీ పొలాల మీద పడి ఇంకొన్ని పట్టుకొస్తారు. అసలు వాటిని అమ్మడమే నేరం. దయచేసి ఆ పని మాత్రం చేయకండి.”

“అబ్బే, ఊరికే అన్నాన్లేమ్మా,” అన్నారు. నేను నమ్మాను.

సభరోజు వేదిక మీద, మెరుపు కాగితం చుట్టిన పుస్తకాల పక్కన, శాలువా కప్పిన వస్తువేదో ఉంది. దగ్గరికి వెళ్లగానే పాచిపోయిన గింజల వాసన కొట్టింది. నేను నోరు తెరిచేలోపే శాలువా లాగేశారు. పంజరంలో ఆకుపచ్చవి, గులాబీరంగువి, బుల్లి పిట్టలు. ఏదో విదేశీ జాతి అనుకున్నారు జనం. నాకు మాత్రం ముక్కు చూడగానే తెలిసిపోయింది. మన జీనువాయిలే. రంగునీళ్లలో ముంచి తీశారు. గోధుమరంగు పిట్టయితే ఎవరు కొంటారు?

ముఖ్య అతిథి తలుపు తీశారు. జనం చప్పట్లు కొట్టారు. ఒక్క పిట్టా ఎగరలేదు. బల్ల మీదికి గెంతి, అంచుదాకా వెళ్లి, కింద పడ్డాయి. ఎగిరిపోకుండా వాటి రెక్కల ఈకలు కత్తిరించేశారు. ముందు వరసలో ఎవరో నవ్వారు. వీడియో తీసే అతను వెనక్కి నడుస్తూ ఒకదాన్ని తొక్కేశాడు. మాస్టారు మైకు వదల్లేదు. పంజరంలో చిలక మీద కవితే చదువుతున్నారు, గొంతు వణికిస్తూ. నేను కుర్చీల కింద దూరి, మిగిలినవాటిని ఏరి, పుస్తకాలు తెచ్చిన అట్టపెట్టెలో వేసుకున్నాను. చీర కొంగు నిండా ఆకుపచ్చ రంగు అంటుకుంది. ఆ హాల్లో కాఫీ ఇస్తే తాగబుద్ధి కాలేదు.

ఇంటికి తెచ్చాక మా ఆయన పెట్టెలోకి తొంగి చూశారు.

“ఇప్పుడు వీటినేం చేస్తావ్?”

“కొత్త ఈకలొచ్చేదాకా ఉంచాలండీ. లేకపోతే పిల్లులు తినేస్తాయి.”

“ఎందులో ఉంచుతావ్?”

జవాబు ఇద్దరికీ తెలుసు. పిట్టలమ్మే వాడి దగ్గర కొనడానికి మనసొప్పక, ఆటోనగర్‌లో వెల్డింగ్ షాపుకెళ్లి ఇనపవలతో చేయించుకొచ్చాను. ఎవరెన్ని పేర్లు పెట్టినా అది పంజరమే. దాన్ని కుచ్చు కిందే పెట్టాను. పొద్దున్నే పైన గుంపు గింజలు ఒలుచుకుంటుంటే, ఇవి కింద నుంచి మెడలెత్తి చూసేవి. చూడలేక బల్లను అటువైపు తిప్పుకుని ప్రూఫులు దిద్దేదాన్ని. ఒకటి కొద్దిరోజులకే చనిపోయింది. మిగిలినవాటికైనా రెక్కలొస్తాయా రావా అని రోజూ ఈకలు చూడటం, పని ఆలస్యమై ప్రెస్సువాళ్లతో మాటలు పడటం, ఇదే నా ఉద్యోగమైపోయింది.

వానలు మొదలయ్యాక మాస్టారు మళ్లీ వచ్చారు, రెండో సంపుటి రాతప్రతితో. పంజరం చూసి ఆగిపోయారు. పిట్టలప్పటికి సగం ఆకుపచ్చ, సగం గోధుమరంగులో ఉన్నాయి.

“ఇదేంటమ్మా, మీరు కూడా బంధించారా? నోరులేని జీవాలు, పాపం కదూ.”

“ఇవి మీ సభలో పిట్టలేనండీ.”

ఆయన జాలిగా నవ్వారు. “అవెప్పుడో ఎగిరిపోయాయి కదమ్మా. మీరు వీడియో చూసినట్టు లేరు.” ఫోను తీసి చూపించారు. తలుపు తెరుచుకుంది. వెంటనే ఎక్కడిదో ఆకాశం, అందులో పావురాల గుంపు, హాలంతా రెక్కల చప్పుడు. ఎడిటింగులో కలిపారు. ఆయన ఆ ముక్క రెండోసారి వేసుకుని చూశారు. కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి.

అబద్ధమాడి ఉంటే కోపమొచ్చేది. ఆయన నమ్మేశారు. అది చూసి నాకు పుట్టిన రోత ఇంతా అంతా కాదు. కట్ట విప్పకుండానే రాతప్రతి తిరిగి ఆయన చేతిలో పెట్టాను. ఎందుకని అడిగితే, “చదవలేనండీ,” అన్నాను. ఆ కోపంతో ఆయన మొదటి సంపుటి కాపీలు కూడా ఆటోలో వేయించుకుని వెళ్లిపోయారు.

చలి మొదలయ్యే వేళకు వాటికి ఈకలొచ్చాయి. ఒకరోజు పొద్దున పంజరం తలుపు తీసి, దూరంగా నిలబడ్డాను. ఒకటి గడప మీదికొచ్చి, గోడ మీదికి ఎగిరింది. తరవాత మిగిలినవి. అక్కడి నుంచి నేరుగా ఆ ఏటి కొత్త కుచ్చు మీదికెళ్లి గుంపులో కలిశాయి. ఒకదాని మెడ మీద ఇంకా కాస్త ఆకుపచ్చ ఉండబట్టి పోల్చుకోగలిగాను. వాటి రెక్కల చప్పుడేమీ నాకు వినపడలేదు. అంత చిన్న పిట్టలది వినపడదు.