జడపిన్నుతో ఆన్ అయ్యే కంప్యూటర్

ఈ మధ్యాహ్నం మా వీధిలోకి పాత సామాన్ల ఆటో వచ్చింది. పాత ఫ్రిజ్‌లు, పాత కూలర్లు, పాత టీవీలు, పాత కంప్యూటర్లు కొంటామని మైకులో రికార్డు చేసిన గొంతు అలుపు లేకుండా చెబుతూనే ఉంది. ఆ చివరి మాట వినబడగానే, కలుపుతున్న చపాతీ పిండి అట్లాగే వదిలేసి వెళ్లి వీధి తలుపు గడియ పెట్టి వచ్చాను. ఆటో అతను మా ఇంటి ముందు ఆగనైనా లేదు. అయినా పెట్టాను. మా అటక మీద పాత చీరలో చుట్టిపెట్టిన మా నాయన కంప్యూటర్ ఉంది. రెండేళ్ల కిందట దాన్ని బతికించుకోవడానికి నేను పడిన అవస్థ ఇంతా అంతా కాదు.

మా నాయనకు ఉదయగిరి బస్టాండుకు కాస్త ఇవతల డీటీపీ షాపు ఉండేది. అర్జీలు, పెళ్లి కార్డులు, చర్చిలో క్రిస్మస్ కార్యక్రమాల కాగితాలు, అన్నీ అక్కడే. వరికుంటపాడు వైపు నుంచి వచ్చిన రైతులు స్టూలు మీద కూర్చుని తమ గోడు చెబుతుంటే, నాయన దాన్ని తహసీల్దారు గారికి అర్థమయ్యే తెలుగులోకి మార్చి కొట్టేవాడు. ఒక్కోసారి అర్జీ చదివి వినిపిస్తే, అది తమ గోడేనని గుర్తుపట్టలేక ఇంకెవరిదో ఇచ్చావని పేచీ పెట్టుకునేవాళ్లు కూడా ఉండేవారు. పొద్దున షాపు తెరిచేది మాత్రం అమ్మ. ఊడ్చి, బల్ల తుడిచి, మిషన్ ఆన్ చేసేది. నాయన తీరిగ్గా టీ తాగి వచ్చేసరికి గానీ అది పూర్తిగా తెరుచుకునేది కాదు. అంత నిదానం దానికి. నాయన పోయి ఇప్పటికి ఆరేళ్లు. షాపు అప్పుడే మూతబడింది, మిషన్ అమ్మ ఇంటికి చేరింది.

మా పాపకు రెండున్నరేళ్లప్పుడు జ్వరం వచ్చి, ఉన్నట్టుండి కళ్లు తేలేసి కాళ్లూ చేతులూ కొట్టుకుంది. రెండు నిమిషాలు కూడా లేదట. మా ఆయన గడియారం చూశాడు కాబట్టి అది నమ్ముతాను. నెల్లూరులో డాక్టరు గారు, జ్వరంతో వచ్చే ఫిట్స్ చాలామంది పిల్లలకు వయసుతో పాటు పోతాయి, భయపడకండి అన్నారు. ఆ మాటతో భయం తగ్గిన తల్లి ఎక్కడైనా ఉంటే నాకు చూడాలని ఉంది. తర్వాత ఆయన, మీ ఇద్దరిలో ఎవరికైనా చిన్నప్పుడు వచ్చాయా, వస్తే ఎన్నేళ్లకు ఆగాయి అని అడిగారు. మా ఆయనకు రాలేదు. నేను అమ్మకు ఫోన్ చేశాను.

"నీకు వచ్చినాయి. చానాసార్లు వచ్చినాయి," అంది అమ్మ. "ఎప్పుడు ఆగినాయో మాత్రం నాకు గుర్తులేదమ్మా. మీ నాయన దినామూ ఆ మిషన్లో కొట్టి పెట్టేవాడు. అందులో ఉండాది."

అంతే, నాకు ఇక నిలకడ లేదు. ఎన్నేళ్లకు ఆగాయో తెలిస్తే నేను ఎన్నాళ్లు ఇట్లా రాత్రింబవళ్లు థర్మామీటరు పట్టుకుని కూర్చోవాలో తెలుస్తుంది. వచ్చే వారం మళ్లీ నెల్లూరు వెళ్లాలి, అప్పటికి జవాబు కావాలి. నేనూ మా ఆయనా ఉదయగిరి వెళ్లాము. అమ్మ పాపను ఎత్తుకుని పెరట్లో ఉండగా బటను నొక్కి చూశాం. మిషన్‌లో చలనం లేదు. దాన్ని దుప్పటిలో చుట్టి, బస్సులో కాళ్ల దగ్గర పెట్టుకుని, పాపను ఒళ్లో పెట్టుకుని మేముండే ఆత్మకూరుకు తెచ్చాను. టికెట్ కొట్టే ఆయన ఏందమ్మా అది, కుట్టు మిషనా అని అడిగాడు.

ఆత్మకూరులో మా వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే ఆయనను అందరూ భాయ్ అంటారు. యాభై దాటిన మనిషి, చేతిలో పని తప్ప ముఖంలో తొందర ఉండదు. డబ్బా విప్పి చూసి మదర్‌బోర్డు పోయిందన్నాడు. ముందు హార్డ్ డిస్కు తీసి తన కంప్యూటర్‌కు తగిలించి చూపించాడు. పాప అనే పేరుతో ఫైలు ఉంది. ఇంట్లో అప్పుడు నన్నూ పాప అనే పిలిచేవారు. తెరిస్తే తెలుగు లేదు, ఇంగ్లీషు అక్షరాలూ గీతలూ చుక్కలూ కలిపి గుప్పెడు చల్లినట్టు ఉంది. నాయన వాడింది ఆ కాలపు టైపింగ్ సాఫ్ట్‌వేర్. మిషన్ వెనకాల బిగించిన చిన్న తాళం లాంటి ముక్క ఉంటేనే అది తెరుచుకుంటుంది, ఆ ముక్క పట్టే చోటు ఇప్పటి కంప్యూటర్లలో లేదు. పాత మిషనే లేవాలి. అదే మోడల్ పాత బోర్డు నెల్లూరులో వెతికి తెప్పిస్తానన్నాడు భాయ్.

ఆ సాయంత్రం అమ్మకు బోర్డు మారుస్తున్నామని చెప్పాను. అమ్మేమో, "మీ నాయన పేరు రాసిన బోర్డు అది. షాపే లేకపోయె, ఇప్పుడు మార్చి ఎవురికి చూపియ్యాల?" అంది. నాయన షాపు ముందు వేలాడిన రేకు బోర్డు అమ్మ పెరట్లో కోళ్లగూటికి కప్పు అయి చాలా కాలమైంది. ఇది లోపలి బోర్డమ్మా అని నచ్చజెప్పడానికి పది నిమిషాలు పట్టింది.

నాలుగో రోజు కొత్త బోర్డు, అంటే ఇంకొకరి పాత బోర్డు, వచ్చింది. భాయ్ దాన్ని బల్ల మీద పెట్టి, స్క్రూడ్రైవర్ మొనతో బటను వైరు గుచ్చే రెండు సూదుల్లాంటి కడ్డీలను కలిపి తాకించగానే ఫ్యాను తిరిగింది, తెర మీద అక్షరాలు వచ్చాయి. డబ్బాలో బిగించి ఇంకోసారి ఆన్ చేసి చూపిస్తానన్నాడు. బిగించడం అయ్యేసరికి మా ఆయన ఫోన్ చేసి పాప ఒళ్లు వెచ్చగా ఉందన్నాడు. చూడక్కర్లేదు భాయ్ అని ఆటోలో వేసుకుని వచ్చేశాను. పాపకు ఒళ్లు వెచ్చగా ఏమీ లేదు, ఎండలో ఆడి వచ్చింది.

ఇంట్లో బటను నొక్కితే ఏమీ కాలేదు. ఇంకోసారి నొక్కాను. వైరు మార్చాను, ప్లగ్గు మార్చాను, ఫ్రిజ్ ప్లగ్గులో పెట్టాను. భాయ్‌కు ఫోన్ చేస్తే సామాన్ల కోసం నెల్లూరు వెళ్లాడు, ఎల్లుండి వస్తాడని వాళ్లావిడ చెప్పింది. నేను చదివింది బీఎస్సీ కంప్యూటర్స్. మూడేళ్లలో ఒక్క కంప్యూటరునూ విప్పి చూపించిన వాళ్లు లేరు. యూట్యూబ్ చూసి, ర్యామ్ తీసి, పెన్సిల్ చెరిపే రబ్బరుతో దాని అంచు రుద్ది మళ్లీ పెట్టాను. మా ఆయన గుమ్మంలో నిలబడి, వదిలెయ్, ఇంకో డాక్టరును అడుగుదాం అన్నాడు. డాక్టరుకు నా చిన్నతనం ఏం తెలుసని అరిచాను. పాప ఉలిక్కిపడి ఏడ్చింది. వెంటనే వెళ్లి నుదురు తాకి చూశాను.

మరునాడు పొద్దున పాపకు ఎట్లా ఉందని అమ్మే ఫోన్ చేసింది. మిషన్ లేవడం లేదని చెప్పాను.

"ఏ బటను నొక్కినావు?"

"ముందర ఉండే పెద్దది."

"అది మీ నాయన ఉన్నప్పుడే పోయింది గదమ్మే. అర్జీకి వచ్చినోడెవుడో ఆలస్యమైందని గొడుగు మొనతో పొడిచినాడు. ఆ పక్కన సన్నబొక్కలో చిన్నది ఉంటాది చూడు, జడపిన్ను పెట్టి నొక్కాల. నేను దినామూ అట్లనే కదా చేసింది."

ఇరవై ఏళ్లు ఆ మిషన్‌ను లేపిన మనిషిని నేను అప్పటివరకు ఒక్క మాట అడగలేదు. జడలోంచి పిన్ను లాగి చిన్న బటను నొక్కాను. అయినా లేవలేదు. కానీ ఈసారి ఆలోచించడానికి ఒక దారి దొరికింది. చిన్నది రీసెట్ బటను, నడుస్తున్న మిషన్ ఆగిపోతే మళ్లీ మొదలుపెట్టడానికి ఉండేది, మామూలుగా దానితో మిషన్ ఆన్ కాదు. అమ్మకు అయ్యేదంటే, పెద్దది పాడయ్యాక పాత బోర్డు మీద దాని చోట ఎవరో చిన్నదాని వైరు గుచ్చి ఉండాలి. భాయ్ పద్ధతైన పనివాడు. ఏ వైరు మీద ఏ పేరుంటే ఆ పేరున్న చోటే బిగించాడు. ఆయన చేసిన తప్పు, తప్పేమీ చేయకపోవడమే. డబ్బా విప్పి, బియ్యపు గింజంత అక్షరాలను ఫోన్ లైటుతో చదివి, రెండు వైర్లనూ ఒకదాని చోట ఒకటి పెట్టాను. ప్లగ్గు పెట్టి, పిన్నుతో నొక్కాను. ఫ్యాను దుమ్ము ఎగజిమ్ముతూ తిరిగింది. అమ్మ ఇంకా ఫోన్‌లోనే ఉంది. ఆ శబ్దం విని, "ఇంక టీ తాగి రా, అప్పటికి తెరుచుకుంటాది," అంది.

టీ తాగలేదు, దాని ముందే కూర్చున్నాను. ఫైలు తెలుగులో తెరుచుకుంది. జ్వరం నూటరెండు, రెండు నిమిషాలు. జ్వరం నూటమూడు, ఒకటిన్నర నిమిషం, కలిగిరి డాక్టరు దగ్గరికి పోయినాము. తర్వాత పేజీల కొద్దీ, తేదీ వేసి, ఈ రోజు ఏమీ లేదు. ఈ రోజు ఏమీ లేదు. అర్జీల్లో అంత బిగువైన తెలుగు రాసిన మనిషి ఇక్కడ ఆ నాలుగు మాటల ముక్కనే వందల సార్లు కొట్టాడు. చివరిసారి వచ్చింది నాకు నాలుగేళ్లు దాటి ఐదు నెలలప్పుడు. ఆ పైన రోజూ ఉన్న తేదీలు వారానికొకటి అయ్యాయి, నెలకొకటి అయ్యాయి. తగ్గిపోయింది అన్న మాట కోసం కిందికి జరుపుకుంటూ పోయాను. అట్లాంటి మాట ఎక్కడా లేదు. ఆఖరి వాక్యం, పాప బడి నుంచి వచ్చి రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. అంతే, కింద తెల్లకాగితం.

డాక్టరు గారికి నాలుగేళ్ల ఐదు నెలలని చెప్పాను, ఆయన రాసుకున్నారు. మా పాపకు ఆ తర్వాత ఇంకొక్కసారే వచ్చింది. నేనూ ఒక నోటుపుస్తకం పెట్టుకుని నాయన లాగే రోజూ రాశాను. ఇవాళ తీసి చూస్తే అందులో చివరి తేదీ వేసి ఎనిమిది నెలలు దాటింది. ఎందుకు ఆపానో గుర్తులేదు. ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచి వెళ్లి పాప నుదుటి మీద చెయ్యి పెట్టి వచ్చాను, ఆ అలవాటు పోలేదు. భయం వచ్చిన రోజు గంటతో సహా గుర్తుంటుంది, అది వెళ్లిపోయిన రోజు మాత్రం అన్నం వండుకుంటూ, బట్టలు ఆరేసుకుంటూ మనకు తెలియకుండానే దాటేస్తాం.