పై ఇంటి ఎర్రగౌను బొమ్మ

ఆ ఏడు జూలైలో నేను రాయాలనుకున్నది చాలా చిన్న ప్రోగ్రాం. ఆటలో ఎవరున్నారో, ఎవరు వెళ్ళిపోయారో తప్పు లేకుండా చెప్పగలిగే సర్వర్. పెళ్ళికి ముందు హైదరాబాద్‌లో టెస్టింగ్ ఉద్యోగం చేసినదాన్ని. గల్ఫ్‌లోని అల్ మవాలేకి వచ్చాక, వీసా మీద రాసినట్టు, ఒకరి భార్యగా ఉండడమే నా ఉద్యోగమైంది. ఒళ్ళు మండి, గేమ్ సర్వర్లు రాయడం నేర్చుకుంటానని కూర్చున్నాను.

"ఆటలాడే వయసా నీది?" అన్నాడు మా ఆయన.

"ఆడుడు కాదు, ఆడిపిచ్చుడు" అన్నాను.

పాత లాప్‌టాప్ ఒకటి సర్వర్‌గా పెట్టాను. అందులో చిన్న ఊరు, ఒక బావి, నాలుగు ఇళ్ళు. బొమ్మలు బావి దగ్గర కుండ నింపుకుని ఇంటి గడపకు మోయాలి, అంతే. పరీక్షించి పెట్టమని మా బిల్డింగ్ పిల్లలకు వైఫై పాస్‌వర్డ్ ఇచ్చాను. ఆటను ఇంటర్నెట్‌లో పెట్టడం నాకింకా చేతకాదు కనుక, మా వైఫై అందేంత దూరంలో ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ అందులోకి రాలేరు.

నేను చూసిన పాఠాలన్నీ మొదట ఒకటే చెప్పేవి: ఆడేవాళ్ళ వైపు నుంచి వచ్చే కబురును గుడ్డిగా నమ్మకు, సర్వర్ దగ్గరున్నదే నిజం. ఆ తర్వాతది, ఎవరైనా కాసేపు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే వెళ్ళిపోయినట్టే లెక్క, బయటికి పంపేయాలి. ఆ రెండూ రాసి, పని చేస్తున్నాయని మురిసిపోయాను.

బడులు మూశారు. కుటుంబాలన్నీ సూట్‌కేసులు సర్దుకుని ఎవరి దేశాలకు వాళ్ళు వెళ్ళిపోయాయి. మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే వీధిలో పిల్లి కూడా కనిపించేది కాదు. బిల్డింగ్ వెనక ఏసీ డబ్బాలన్నీ నోరు మూసుకున్నాయి, మాదొక్కటే గురగురమనేది. లిఫ్ట్ దానంతటదే కిందికి దిగిన చప్పుడు వినపడినా లేచి తలుపు గడియ చూసుకునేదాన్ని.

అలాంటి ఒక మధ్యాహ్నం సర్వర్ నాకు చెప్పింది, ఆటలో ఒకరు ఉన్నారని.

తెర మీద ఎర్రగౌను బొమ్మ. అది మా పై ఫ్లాట్ పాపది. ఆ పాప అమ్మానాన్నలతో టాక్సీ ఎక్కుతూ నాకు చెయ్యి ఊపి వెళ్ళింది. ఇప్పుడు ఏ దేశంలో ఏ అమ్మమ్మ ఒడిలో ఉందో. పాప బొమ్మ మాత్రం బావికీ గడపకూ మధ్య నడుస్తోంది. కుండ నింపడం, దించడం, మళ్ళీ వెనక్కి.

బగ్ అనుకున్నాను. ప్రోగ్రాం ఆపి మళ్ళీ నడిపాను, బొమ్మ మళ్ళీ వచ్చింది. లాప్‌టాప్ మొత్తం ఆపి లేపాను. వచ్చింది. ఆ రోజూ, మర్నాడూ నా కోడ్‌నంతా నోటికొచ్చినట్టు తిడుతూ వెతికాను. ఎక్కడా తప్పు లేదు. అప్పుడు తట్టిందొకటి. కదలకుండా నిలబడితే నా సర్వర్ బయటికి పంపేస్తుంది. ఈ బొమ్మ ఒక్కసారి కూడా అంతసేపు నిలబడలేదు. నడక ఆగబోయి, ఉలిక్కిపడినట్టు మళ్ళీ మొదలయ్యేది. బగ్‌కు భయం ఉండదు కదా.

నేనే ఆ బొమ్మను బయటికి పంపేశాను. తెర ఖాళీ అయింది.

పైన కప్పు మీద ఏదో దబ్బున పడింది. ఆ వెంటనే ఉత్త కాళ్ళతో ఎవరో అటూ ఇటూ తిరిగిన చప్పుడు. అది ఆగింది. తెర మీద బావి దగ్గర ఎర్రగౌను మళ్ళీ నిలబడి ఉంది.

నిజం చెప్తున్నాను, నాకు ఏడుపొచ్చింది. ఆయనకు ఫోన్ చేశాను.

"పైన ఎవరో ఉన్నరు."

"ఊరికి పోయిన్రు గదనే వాళ్ళు."

"అదే చెప్తున్న. బొమ్మ నడుస్తున్నది."

"ఎండదెబ్బ తగిలిందా ఏంది? తలుపేసుకొని పండుకో. డ్యూటీ అయినంక వస్త."

ఆ మాటకు భయం పోయి కోపం వచ్చింది. ఆ కోపంలోనే మెట్లెక్కాను.

పై ఫ్లాట్ ముందు చెప్పుల స్టాండ్ ఖాళీగా ఉంది. తలుపు తట్టాను. లోపల అడుగుల చప్పుడు ఆగిపోయింది. "కౌన్ హై?" అన్నాను. జవాబు లేదు. ఎంతసేపు నిలబడ్డా ఏమీ లేదు. వెనక్కి తిరుగుతూ, "నా ఖర్మ, ఎవ్వరు లేరు" అని గొణుక్కున్నాను.

"తెలుగోళ్లా అక్కా?"

గొంతు తలుపుకు ఆనుకునే ఉంది. ఇంతసేపూ అక్కడే ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది.

"ఎవరమ్మా నువ్వు?"

"ఏడాది నించి ఈళ్లింట్లో పని చేస్తా అక్కా. మాది కడప తట్టు. పది దినాల్లో వస్తామని తాళమేసుకోని పోయినారు. రాలా. బియ్యం మొన్నటితో అయిపోయినాయి."

"ఫోన్ లేదా?"

"అమ్మగారు ఎత్తుకోని పోయింది. పాప ట్యాబు ఉండాది. దాంట్లో నాకు తెలిసింది ఈ బొమ్మాట ఒగటే."

"ఒర్రరాదా మరి, ఎవరన్న వింటరు గదా!"

"ఎవురు పిలిచినా పలకొద్దని చెప్పినారక్కా."

"పొద్దుగాల్నుంచి ఆ నీళ్ళెందుకు మోస్తున్నవ్?"

"నిలబడితే బయటికి తోసేస్తాది. అదీ పోతే నేనొక్కదాన్నే గదక్కా."

ఆమె ఏడాదిగా నా నెత్తి మీద ఉంటోంది. ఆ ఇంట్లో పనిమనిషి ఉందన్న సంగతే నాకు తెలియదు.

వాచ్‌మన్ దగ్గర అన్ని ఫ్లాట్ల తాళాలూ ఉంటాయి, నీళ్ళు లీకైతే తీయడానికి. ఇంటి యజమాని ఫోన్ చేయనిదే ముట్టుకోడు. లోపల మనిషి ఉందంటే ఇంకా భయపడతాడు. అందుకని, పైనుంచి మా బాత్రూంలోకి నీళ్ళు ధారగా కారుతున్నాయని హిందీలో అరిచి చెప్పాను. తాళం చెవుల గుత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

తలుపు తెరవగానే వేడి మొహాన కొట్టింది. ఏసీకి కరెంటు లేకుండా చేసి పోయారట. నా ఈడుదే ఆమె. ఎండిపోయిన పెదాలు, చేతిలో ట్యాబ్. వాచ్‌మన్ నోరు తెరుచుకుని గోడకు జరిగాడు. తలుపు బార్లా తెరిచినా ఆమె గడప దాటలేదు. నేను చెయ్యి పట్టుకుని, "రా, ముందు అన్నం తిందువు" అన్నాను. అప్పుడు ఒక్కో కాలూ బయట పెట్టింది.

రెండు మెట్లు దిగి, కంగారుగా వెనక్కి తిరిగింది.

"అక్కా, తాళమెయ్యమని చెప్పక్కా ఆయనకి. ఇల్లు నన్ను నమ్మి ఇడిసి పోయినారు."

ఆ మాట నేను హిందీలో వాచ్‌మన్‌కు చెప్పలేదు, ఆమె చెయ్యి వదలకుండా మెట్లు దిగాను.