ముప్ఫై ఎనిమిది అంగుళాల శపథం

మనిషికి తాను లావెక్కుతున్న సంగతి ముందుగా చెప్పేది అతని ప్యాంటే. ఆ వార్త చెవిన పడకుండా ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చిన ఘనుడు ఈ టైలరు మాస్టారు.

తన ప్యాంట్లు తనే కుట్టుకునేవారు. వెనక కుట్టు లోపల మూడంగుళాల గుడ్డ అదనంగా ఉంచుకునేవారు. నడుం బిగిసిన రోజున కుట్టు విప్పి అరంగుళం వదులు చేసుకుని, "ఈ గుడ్డ ఉతికితే ముడుచుకుపోయే రకం" అని గుడ్డని తిట్టేవారు. వీధిలో ఎవరి నడుం ఎంతో కళ్లు మూసుకుని అప్పజెప్పే ఆ మేధావికి తన నడుం కొలత మాత్రం తెలియదు. టేపు ఎప్పుడూ మెడలోనే వేలాడుతుండేది, పాపం.

ఒకరోజు మిషను తొక్కుతుంటే కుడి మోకాలు కలుక్కుమంది. డాక్టరమ్మ తూకం మీద నిలబెట్టి చూసి, చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

"ఆర్నెల్లలో ఎనిమిది కిలోలు తగ్గాలి. లేదంటే ఇక మిషను తొక్కడం మర్చిపోండి."

మిషను తప్ప మరో విద్య రాని మనిషి. గుండె జారింది. గుండె జారినవాడు ఎవడైనా మర్నాడు నడక మొదలెడతాడు. మాస్టారు ప్యాంటు కుట్టారు.

తన నడుం నలభై రెండని ఆ రోజే తెలిసింది. ప్యాంటు ముప్ఫై ఎనిమిదికి కుట్టి, షాపు గోడకి మేకు కొట్టి వేలాడదీశారు. వచ్చిన ప్రతివాడికీ దాన్ని చూపించి, "ఆర్నెల్లలో ఇది తొడక్కపోతే కత్తెర ముట్టుకోను!" అని గర్జించేవారు. ఒక్కసారి గర్జిస్తే మైలు నడిచినంత తృప్తి. రోజుకి అయిదారు మైళ్లు అలా కుర్చీలోనే నడిచేసేవారు.

నిజంగా నడిచింది ఒక్కరోజు. వీధి చివర బేకరీ దాకా వెళ్లి, నీరసం వచ్చిందని రెండు బన్నులు తిని, ఆటోలో వచ్చారు. ఆ తర్వాత బూట్లు కరిచాయి, మంచు పడింది, నెల మధ్యలో మొదలెడితే బాగుండదనిపించింది. టీలో ముంచిన బిస్కెట్లు మెత్తబడతాయి గనక లెక్కలోకి రావని తీర్మానించారు.

"ఏం మాస్టారూ, ఎందాకా వచ్చింది?" అనడిగాడు బ్యాంకు గుమస్తా.

"సంకల్పం కుదిరిందండీ. ఇక ఒళ్లు తగ్గడమే తరువాయి."

"ప్యాంటు మాత్రం ముందే తగ్గి కూర్చుంది!"

గడువుకి ముందురోజు, కాజాలు కుట్టే భార్య బజారుకెళ్లిన వేళ చూసి, మాస్టారు తలుపు గడియ పెట్టారు. వెనక కుట్టు విప్పారు. లోపలి గుడ్డ చాలకపోతే ముక్క అతికారు. మర్నాడు ఆ ప్యాంటులో షాపంతా పచార్లు చేస్తుంటే గుమస్తా ముక్కున వేలేసుకున్నాడు.

"మనోబలం ఉండాలండీ," అన్నారు మాస్టారు.

గుమస్తా వెళ్లాక భార్య అంది: "మీ కుట్టు నాకు తెలీదుటండీ? ఆ అతుకేమిటి?"

"ఏ అతుకు?" నీళ్లు నమిలారు మాస్టారు.

కానీ డాక్టరమ్మ తూకానికి విప్పడానికి కుట్టుండదు. ముల్లు ఆర్నెల్ల కిందటికంటే రెండు కిలోలు ఎక్కువే చూపించింది. "ఇవాళ్టి నుంచి మిషను దిగండి," అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చి తెల్లమొహం వేసుకుని కూర్చున్న మాస్టారు కొత్త శపథానికి గొంతు సవరించుకుంటుంటే, భార్య మిషను ముందు కూర్చుంది.

"శపథాలు చాలు. నేను తొక్కుతా. కుట్టిన బట్టలు మీరు ఇళ్లకి పట్టుకెళ్లి ఇచ్చి రండి. పొద్దున టీ అవగానే ఒక సంచీ, సాయంత్రం టీ అవగానే ఇంకోటి. బిస్కెట్లు ఇక కొనను."

"మోకాలు..."

"మెల్లిగానే నడవండి. ఈ వారం పక్కవీధి దాకానే. సంచీ గుమ్మంలో ఉంది."

అలా వీధి వీధీ పెరుగుతూ ఏడాది గడిచింది. తొమ్మిది కిలోలు తగ్గారు. పూటకో గంట మిషను తొక్కొచ్చంది డాక్టరమ్మ. ఇవ్వాల్సిన బట్టలు లేని రోజున కూడా టీ అవగానే మాస్టారి కాళ్లు గుమ్మం దగ్గరికి పోతాయి, మాస్టారిని అడక్కుండానే.

అయినా నోరు ఊరుకుంటుందా? నిన్న ఒకింట్లో జాకెట్టు అందించి, "అంతా సంకల్పబలం తల్లీ! మనిషి గట్టిగా అనుకోవాలే గానీ..." అని మొదలెట్టారు.

ఆ ఇల్లాలు జాకెట్టు తిప్పి చూసి అంది: "ఆ అనుకునేదేదో దార్లో అనుకోండి మాస్టారూ. దీనికి హుక్కులు కుట్టనేలేదు. కుట్టించి, చీకటి పడేలోపు తెచ్చిపెట్టండి."