ఎముక నలుపు

మా వీధిలో ఆవిడను అందరూ బోర్డక్క అనేవారు. దుకాణాలకు బోర్డులు రాయడం ఆవిడ పని. తండ్రి దగ్గర నేర్చుకుంది. ముప్ఫై ఏళ్ళు నిచ్చెన మీదే గడిచాయి. రాసిన బోర్డులో ఒక్క సున్నా వంకరపోయినా, ఎవరూ పిలవకుండానే మర్నాడు వెళ్ళి సరిచేసి వచ్చే మనిషి.

ఊరి చివర, ఎవరికీ అక్కరలేని ముసలి జంతువులను సాకే శాల ఒకటుంది. దాన్ని నడిపే పెద్దమ్మ పాలు, తేనె కూడా ముట్టదు. కాళ్ళకు గుడ్డ చెప్పులే. శాల గోడ మీద అక్కడున్న జంతువుల బొమ్మలన్నీ వేయమని బోర్డక్కను అడిగింది. షరతు ఒక్కటే. ఏ జీవి ఒంటి నుంచి వచ్చిందీ ఆ గోడకు తగలకూడదు.

"వీళ్ళందరూ కత్తి అంచు దాకా వెళ్ళొచ్చినవాళ్ళు తల్లీ. కనీసం వీళ్ళ బొమ్మల్లోకైనా అది రాకూడదు."

బోర్డక్క మాటిచ్చింది. ఉడుత వెంట్రుకల కుంచెలు అటక మీద పెట్టేసి నైలాను కుంచెలు కొంది. తోలు నుంచి తీసే పాత జిగురు మానేసింది. రంగుల మీద మాత్రం అనుమానమే రాలేదు. రంగంటే రాయీ, మన్నూ, మసీ అనే తండ్రి చెప్పాడు మరి.

ఇరవై రెండు జంతువులు. కళ్ళు ఎప్పుడూ ఆఖరికి, అన్నీ ఒకే రోజు, ఒకే నలుపుతో పెట్టడం ఆవిడ పద్ధతి. పక్కకు తిరిగినవి కొన్ని, ఒంటికన్ను కుక్క ఒకటి, వెరసి ముప్ఫై ఒక్క కన్ను. అవి పెట్టిన మర్నాడు సాయంత్రం నాలుగింటికి, శాలకు సాయం చేసేవాళ్ళంతా గోడ చూడటానికి వస్తున్నారు.

ఆ పొద్దున విప్పకుండా మిగిలిన నల్ల ట్యూబును తిరిగి ఇచ్చేద్దామని బోర్డక్క రంగుల దుకాణానికి వెళ్ళింది. దుకాణం బాబాయి ట్యూబును భూతద్దం కింద పెట్టి చూసి, తల ఎత్తలేదు.

"ఇది ఆ శాల గోడకేనా అమ్మాయ్?"

"అవును. ఏం?"

"ఇది ఎముకలు కాల్చి చేసే నలుపు."

"పరాచికాలాడకు బాబాయ్."

"పరాచికమేంటే! ఇదుగో, వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో ఏడ్చింది. నువ్వు అడగలేదు, నేనూ చూడలేదు." ఆవిడ మొహం చూసి గబుక్కున స్టూలు ముందుకు జరిపాడు. "కూర్చో ముందు. ఇప్పుడేమైందనీ? గోడ చెప్తుందా, రంగు చెప్తుందా?"

"అవి చెప్పవు. అందుకే నేను చెప్పాలి."

"పోనీ పైన ఇంకో పూత వేసెయ్యి."

"కిందది కిందే ఉంటుందిగా."

మసితో చేసిన నలుపు దుకాణంలో లేదు. బాబాయి అరలన్నీ వెతికి నీలం ఒకటి, మట్టి గోధుమ ఒకటి తీశాడు. రెండింటి మీదా ఉన్నదంతా రెండుసార్లు చదివాడు. "రాయీ, మన్నూ. ఈ రెండూ కలిపావంటే నలుపుకి తోడబుట్టిన తమ్ముడే. పరుగెత్తు."

ఆవిడ శాలకు చేరేసరికి పన్నెండు దాటింది. కుర్చీలు దించుతున్నారు. పెద్దమ్మ గోడ ముందు నిలబడి, గాడిద బొమ్మను చూస్తూ చిన్నపిల్లలా నవ్వుతోంది.

"ఇటు నడిచినా నన్నే చూస్తోందే! అటు నడిచినా నన్నే! ఏం చేశావే తల్లీ?"

ఆ నవ్వు చూశాక బోర్డక్కకు నోరు పెగలడానికి దేవుణ్ణి తలుచుకోవలసి వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

పెద్దమ్మ నవ్వు ఆగిపోయింది.

"నిన్ను మూడుసార్లు అడిగాను."

"అడిగారు."

"మూడుసార్లూ ఏమీ లేదన్నావు."

"తెలియక అన్నాను పెద్దమ్మా. కానీ అన్నాను."

కుర్చీలు దించుతున్న శాల బండి డ్రైవరు మధ్యలోకి వచ్చాడు. "నాలుగింటికి జనం దిగుతారు. కళ్ళు పీకిన బొమ్మలు చూపిద్దామా వాళ్ళకి? వదిలెయ్యండి పెద్దమ్మా. ఈవిడ చెప్పకపోతే మనకేం తెలిసేది?"

"ఇప్పుడు తెలిసింది కదరా," అని పెద్దమ్మ లోపలికి వెళ్ళిపోయింది. తలుపు పడింది.

పొమ్మందో ఉండమందో బోర్డక్కకు అర్థం కాలేదు. ఎవరినీ అడగలేదు కూడా. బ్లేడు తీసి గాడిద కన్ను గీకడం మొదలుపెట్టింది. రంగు ఊడి రాలేదు, గోడే పెచ్చులుగా వచ్చింది. మూడో కంటికి వేలు తెగింది. గోడకు నెత్తురు తగలకుండా కొంగు చింపి చుట్టుకుంది. గంట ఒకటైంది.

వెనక అడుగుల చప్పుడు. పెద్దమ్మ ఉతికిన గుడ్డ ఒకటి తెచ్చి గోడ మొదట్లో పరిచి, కష్టం మీద చతికిలబడింది. మొహంలో కోపం ఇంకా అలాగే ఉంది.

"కింద రాలనీకు. ఎవరి ఎముకలో ఏమో."

ఒకరు గీకుతుంటే ఒకరు ఏరారు. బండి డ్రైవరు కాసేపు గొణిగి, చివరికి తనూ ఒక బ్లేడు పట్టాడు. మూడున్నరకు గుడ్డలో పోగైంది గుప్పెడు నల్లటి పొడి. శాలలో పోయినవాటిని పాతిపెట్టే చోటికి పెద్దమ్మ దాన్ని తీసుకెళ్ళి, తన చేత్తోనే మట్టి తవ్వి, మూటను అందులో పెట్టి కప్పింది. పెదవులు కదిలాయి. ఏం ప్రార్థించిందో ఆ పైవాడికే తెలియాలి.

నాలుగింటికి జనం వచ్చారు. గోడ మీద ఇరవై రెండు గుడ్డి జంతువులు.

"కళ్ళేవండీ?" అన్నారొకరు. "పని సగంలో వదిలేసినట్టున్నారు," అని వెనకనుంచి ఇంకెవరో అన్నారు. బోర్డక్క చెవులు ఎర్రబడ్డాయి.

పెద్దమ్మ బోర్డక్క వైపు తిరిగింది. "ఆ కొత్త ట్యూబుల మీద ఏముందో చదువు. అందరికీ వినపడేలా."

బోర్డక్క కళ్ళజోడు పెట్టుకుని, కూడబలుక్కుంటూ చదివింది. కుర్చీల్లో గుసగుసలు ఆగాయి. పెద్దమ్మ ట్యూబులు తన చేతిలోకి తీసుకుంది. వాసన చూసింది. తిప్పి తిప్పి చూసింది. చాలాసేపు చూసింది.

"ఎక్కు. నిచ్చెన నేను పట్టుకుంటాను."

డబ్బా మూత మీద నీలం, మట్టి గోధుమ కలిశాయి. ముందు మేక కన్ను. గీకిన గోడ గరుకుగా ఉండి రంగును లాగేసుకుంది. కన్ను నిన్నటికన్నా పెద్దదైంది. బోర్డక్క చెయ్యి ఆగింది.

"ఆగకు," అంది కింద నుంచి పెద్దమ్మ. "ఇంకా ముప్ఫై ఉన్నాయి."