పాయసంతో హత్య

జ్ఞానప్రసూన ఆంటీ చేతికి ఏ కాగితం ఇచ్చినా ఉన్నది ఉన్నట్టు చదివిన పాపాన పోలేదు.

అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో ఒక హైస్కూల్ థియేటర్ పిల్లలందరికీ ఈ సంగతి తెలుసు. కొడుకు అద్వైత్ ఆ స్కూలు దాటి కాలేజీకి వెళ్ళిపోయినా ఆవిడ మాత్రం వాలంటీర్‌గా ఉండిపోయింది. ఆడిషన్‌లో పిల్లలు ఒక పాత్ర చదువుతుంటే, ఎదుటి పాత్ర మాటలు చదివే రీడర్ పని ఆవిడది. ఒకసారి జనరల్‌ని జనరేటర్ అంది. 'వార్ మొదలైంది' అనాల్సిన చోట 'వెడ్డింగ్ మొదలైంది' అంది. ఇంతాచేసి ఆవిడ ఉద్యోగం మందుల కంపెనీలో, సీసాల లేబుళ్ళ మీద తప్పులు పట్టడం. ఆ కంపెనీ మాత్రలు తమ ఇంట్లోకి రాకుండా చూసుకోవాలని పిల్లలు అనుకునేవాళ్ళు.

టెన్త్ గ్రేడ్ దియకి ఈసారి నాటకంలో డిటెక్టివ్ వేషం కావాలి. కిందటేడు ఆడిషన్‌కి ఆంటీ రాలేదు, వేరెవరో చదివారు; అప్పుడు దియ స్టేజి ఎక్కి నోరు తెరిస్తే ఉత్త గాలి వచ్చింది. "థ్యాంక్యూ" అని మాత్రం అనగలిగి దిగిపోయింది. ఈసారి మాటలన్నీ కంఠతా పట్టింది.

"రీడర్ ఎవరు?" అని కారిడార్‌లో అడిగింది.

"ఇంకెవరు, ఆంటీయే," అన్నాడు ధృవ్. సీనియర్. అతన్ని స్టేజి ఎక్కించడం తేలికే, దింపడమే కష్టం. "గుడ్ లక్."

దియ ప్రాణం ఉసూరుమంది. లోపల టీచర్ మిస్ కార్వర్ పెన్ను పట్టుకుని కూర్చుంది. భర్తని పోగొట్టుకున్న జమీందారిణి మాటలు చదవడానికి ఆంటీ కళ్ళజోడు సర్దుకుంది. దియ గొంతు అప్పుడే ఎండిపోయింది. కిందటేటి గాలి మళ్ళీ సిద్ధంగా ఉంది.

"డెంటిస్ట్ గారూ," అని తాపీగా మొదలుపెట్టింది ఆంటీ. "మా ఆయన్ని ఎవరో పాయసం పెట్టి చంపేశారు."

దియకి భయపడాలన్న సంగతే గుర్తు లేకుండా పోయింది.

"డిటెక్టివ్‌ని," అంది.

"ఆఁ?"

"నేను డిటెక్టివ్‌ని, మేడమ్. పళ్ళు చూడ్డానికి రాలేదు. మీ ఆయన తాగింది పాయిజన్. పాయసమైతే నాకిక్కడ పని లేదు."

"మరి జీడిపప్పు..." అంటూ ఆంటీ కాగితంలోకి వంగింది.

"మేడమ్, అడిగినదానికి జవాబు చెప్పండి. ఆ రాత్రి తలుపు తీసిందెవరు?"

ఈ చివరి ముక్క నాటకంలోదే. అక్కణ్ణించి దియ ఆగలేదు. ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంటే ఆంటీ నిజంగానే కుర్చీలో వెనక్కి జరిగింది. మిస్ కార్వర్ పెన్ను కింద పెట్టేసి చూస్తూ ఉండిపోయింది.

దియ బయటికొచ్చింది. తలుపు పక్కనే కూలబడింది. లోపల ధృవ్ వంతు మొదలైంది. ఓరగా తెరిచిన తలుపులోంచి ఒక గొంతు వినబడింది. దుఃఖాన్ని దిగమింగుకుంటూ, ఒక్కొక్క మాటా స్పష్టంగా. దియకి ఒళ్ళు జలదరించింది. ఎవరా అని తొంగి చూస్తే ఆంటీ. ఒక్క అక్షరం పొల్లుపోవడం లేదు. ఆవిడ ధాటికి ధృవే కాస్త తడబడుతున్నాడు.

పార్కింగ్ లాట్‌లో దియ ఆవిడ్ని పట్టుకుంది.

"ఆంటీ, ధృవ్‌కి కరెక్ట్‌గా చదివారు."

"వాడి గొంతు ఎండదుగా."

"మరి నాకెందుకు అలా?"

"కళ్ళజోడమ్మా," అంది ఆంటీ, కారు తాళాల కోసం బ్యాగు వెతుక్కుంటూ. "ఎదురుగా ఎవరన్నా వణుకుతుంటే, ఇందులో అక్షరాలు కూడా వణుకుతాయి. ఎవరికీ చెప్పకు. తెలిస్తే ఇక నన్నెవరూ దిద్దరు."

శుక్రవారం వేషాలు ప్రకటించారు. దియ డిటెక్టివ్. ధృవ్ హంతకుడు. చివర్లో పెద్ద స్పీచ్ ఉంది కాబట్టి అతనికీ సంతోషమే.

మరుసటేడు ఆడిషన్ రోజున, నైన్త్ గ్రేడ్ పిల్ల అనిక కారిడార్‌లో దియ పక్కన కూర్చుని పెదాలు తడుపుకుంటోంది.

"అక్కా, ఆ రీడర్ ఆంటీ ఎలా చదువుతారు?"

"ఘోరం," అంది దియ, మొహం చాలా సీరియస్‌గా పెట్టి. "ఒక్క ముక్క సరిగ్గా రాదు. నువ్వే కాస్త దిద్దుకుంటూ వెళ్ళాలి."

"అయ్యో పాపం," అంది అనిక. ఆవిడకి సాయం చెయ్యడానికే వచ్చినట్టు లేచి లోపలికి వెళ్ళింది.