అత్తను నిలబెట్టింది నేను కాదు

మా బంధువుల్లో ఒక కథ తిరుగుతూ ఉంటుంది. కోడలికి సూపర్‌వైజరు ఉద్యోగం రాగానే అత్త మీద పగ తీర్చుకుందనీ, ఏళ్ల తరబడి ఆమెను నిలబెట్టి పని చేయించిందనీ. ఆ కోడలు నేనే. అత్త నిలబడ్డ మాట నిజం. ఏళ్ల తరబడి అన్నదీ నిజం. నేను నిలబెట్టానన్నది మాత్రం పచ్చి అబద్ధం. తమిళనాట మా తెలుగువాళ్లలో, కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ దాకా ఎన్ని పెళ్లిళ్లలో ఎంతమందితో వాదించానో నాకే గుర్తు లేదు. గెలిచింది ఒక్కచోటా లేదు. వాళ్లు చెప్పే కథ నేను చెప్పేదానికంటే బాగుంటుంది, అదీ నా ఖర్మ.

జరిగింది ఇది. విరుదునగర్ పొలిమేరలో ఒక మిరపకాయల షెడ్డు ఉండేది. దాని మొదలాళి, అంటే యజమాని, ఊళ్లోవాడే. నేను కాపురానికి రాకముందు నుంచే అత్త అక్కడ పని చేసేది. ఆడవాళ్లు గోనెసంచులు పరుచుకుని గుండ్రంగా కూర్చుని, ఎండుమిర్చికి తొడిమలు తీస్తూ తాలుకాయలు ఏరేవాళ్లు. గేటు బయట అందరిదీ తమిళమే, గోనె మీద కూర్చున్నాక అందరిదీ తెలుగే. ఏ ఇంట్లో కోడలు అలిగిందో, ఎవరి ఆవు ఈనిందో ముందు అక్కడే తెలిసేది. మొదలాళి అరుస్తూ వచ్చి, అరిచి వెళ్లేవాడు. కూర్చోవద్దని మాత్రం ఎన్నడూ అనలేదు. మనిషి కూర్చోవడం మీద కూడా ఆజ్ఞ వేయొచ్చని ఆయనకు తట్టలేదు, పాపం.

తొంభైల చివర్లో ఆ షెడ్డును ఒక విదేశీ కంపెనీ కొన్నది. దేశదేశాల్లో మసాలా పొడులు అమ్మే కంపెనీ. ఇంగ్లీషు, తమిళం, తెలుగు మూడూ వచ్చిన, చదువుకున్న ఆడమనిషి కావాలన్నారు. నేను కెమిస్ట్రీలో డిగ్రీ చేసి ఇంట్లో అప్పడాలు వత్తుతున్నాను. అత్తే నన్ను వెంటబెట్టుకుని వెళ్లి చేర్చింది. ఈ సంగతి మా బంధువుల కథలో ఉండదు.

మొదటి మేనేజరు చెన్నై నుంచి వచ్చాడు. నేలకు పచ్చరంగు వేయించి, గోనెలు బయట పారేయించి, నడుమెత్తు స్టీలు బల్లలు తెప్పించాడు. ఆడవాళ్లు వాటి చుట్టూ నిలబడ్డారు. బల్లలు వచ్చాయి కదా, వెనకాలే స్టూళ్లు వస్తాయనుకున్నాం. రాలేదు. వెళ్లి అడిగాను. పైనుంచి వచ్చిన పద్ధతి, ప్రపంచమంతా ఇదేనన్నాడు. ఆ మాట తెచ్చి అత్తకు చెప్పాను.

"ఏమే, కూచోని ఏరితే మీ మిరపకాయకు కారం తగ్గిపోతాదా?" అంది.

అప్పుడే కంపెనీ నాదైపోయింది చూడండి. ఇంటికి రాగానే ఆమె మంచం మీద కూర్చునేది. పగలంతా తను నిలబడింది కాబట్టి సాయంత్రం నిలబడే వంతు నాదట. నేను పొయ్యి దగ్గర నిలబడేదాన్ని. పగలు సూపర్‌వైజరుకు మాత్రం కుర్చీ ఉందా? నేనూ ఆ పచ్చనేల మీదే నిలబడ్డాను. కానీ నా మోకాళ్లకు కథలో చోటు లేదు.

శ్రీవిల్లిపుత్తూరులో ఒక పెళ్లికి వెళ్తే, మా ఆయన మేనత్త పరుగున వచ్చి కుర్చీ లాగి, అందరికీ వినిపించేలా అంది: "కూచో వదినా, ఈడ నీ కోడలు లేదులే." పళ్లెం పట్టుకుని నేను వెనకాలే ఉన్నాను. అత్త కూర్చుంది. ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరెన్ని అన్నా నేను తట్టుకుందును, ఆ మౌనం ముంచింది నన్ను.

రెండో మేనేజరు ముంబయివాడు. ఇకమీదట మనది ఒకే కుటుంబమని, తన గది తలుపు ఊడదీయించాడు. ఎవరూ సార్ అనకూడదు, పేరు పెట్టి పిలవాలి. కట్టుకున్న మొగుడి పేరే పలకని మనుషులు, ఈ పిల్లాడి పేరు పలుకుతారా? అత్త "నాయనా" అని పిలిచింది. దాని అర్థం నేను చెబితే మురిసిపోయి, స్టూళ్లు తప్పకుండా వస్తాయన్నాడు. స్టూళ్లకంటే ముందు అతనికే ఇంకో దేశానికి బదిలీ వచ్చింది. తలుపు మళ్లీ బిగించారు.

మూడో మేనేజరు బెంగుళూరు మేడమ్. ఆమె మంచిది. మోకాళ్ల నొప్పులని వినగానే పొద్దున్నే యోగా పెట్టించింది. చాపల మీద కాసేపు కూర్చోవాలి. అత్త అందరికంటే ముందు కూర్చునేది, అందరూ లేచాక కూడా కళ్లు తెరిచేది కాదు. నేను భుజం తట్టి లేపాలి. చూసినవాళ్లు ఇంటికి పోయి ఏం చెప్పుకుని ఉంటారో ఊహించుకోండి. స్టూళ్ల సంగతి అడిగితే, పైవాళ్ల నియమం, తన చేతిలో లేదంది.

చివరికి ఆ పైవాడే వచ్చాడు. కంపెనీ మొత్తానికి పెద్ద. ఫ్యాను కింద తల వంచి నడిచేంత పొడుగు. మీ పని బాగుపడాలంటే ఏం చేయాలో చెప్పండని అడిగాడు. రోజంతా వాగే ఆడవాళ్లు మిరపకాయల్లోకి చూస్తూ నిలబడ్డారు. అత్త కొంగుకు చేతులు తుడుచుకుంది.

"మోకాళ్లు పట్టుకుపోతా ఉండాయి దొరా. ఏంటికి మమ్మల్ని నిలబెట్టినారు?"

ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. సొంతంగా ఏమీ కలపలేదు. నన్ను ఎరిగినవాళ్లు నమ్మరు, అయినా నిజం.

ఆయన బల్లల కింద వెతుకుతున్నట్టు చూశాడు. మా దేశంలో ఈ పని కూర్చునే చేస్తారే, నిలబడమని ఎవరు చెప్పారన్నాడు. మేడమ్, తనకంటే ముందు నుంచి ఉందంది. ఆయన వెంట చెన్నై ఆఫీసు నుంచి వచ్చినతను, అది విదేశం నుంచి వచ్చిందనుకున్నామన్నాడు. విదేశమే ఎదురుగా నిలబడి అడుగుతోంది. అప్పుడు ఒక్కొక్కరే నా వైపు తిరిగారు. కూలివాళ్లు కాక, బల్లలు వేసిన రోజు నుంచి ఉన్న ఉద్యోగిని నేనొక్కదాన్నే మరి.

స్టూళ్లు వచ్చాయి, నీలం రంగువి. ఆయన దేశంవాళ్ల కాళ్లకు సరిపోయేవి. అత్త నా భుజం పట్టుకుని ఎక్కింది. పాదాలు నేలకు అందలేదు. పొట్టివి తెప్పిస్తామన్నా వినకుండా, పని మానేసేదాకా కాళ్లు వేలాడేసుకునే కూర్చుంది.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "నువ్వైనా చెప్పు అత్తా, నిన్ను నిలబెట్టింది నేనా?"

"నువ్వు చెప్తే నేను నిలబడతానా?" అంది, నేనేదో అవమానించినట్టు.

ఆ మాటే నాలుగు పెళ్లిళ్లలో చెప్పమన్నాను. చెప్పదట. చెబితే పరుగున వచ్చి కుర్చీ వేసేవాళ్లు ఉండరట.

సరే, ఆమెను వదిలేస్తాను. ఆ మేనేజర్లు ఎక్కడెక్కడో పెద్ద పదవుల్లో ఉండే ఉంటారు. ఎవరైనా కనిపిస్తే ఒక్కటే అడగాలి. పైనుంచి వచ్చిందన్నారు. పైవాడు తనది కాదన్నాడు. మా షెడ్డుకు పైన రేకుల కప్పు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. మరి మమ్మల్ని నిలబడమన్నది ఎవరు?